నలుగురి కార్డు

జహీరాబాద్,
కార్తీక సోమవారం.

సౌభాగ్యవతి త్రివేణికి,

మదన్‌మోహన్ రాయునది. ఇక్కడ నేను, అమ్మ, సహస్ర క్షేమంగానే ఉన్నాం. ఈ మాట దగ్గర కలం కాసేపు ఆగింది. కాని ఉత్తరమన్నాక అక్కడి నుంచే మొదలుపెట్టాలని మా నాన్న చెప్పేవాడు, అందుకే రాశాను. అక్కడ నువ్వు, రామచందర్ బావ, మీ వదిన, పిల్లలు బాగున్నారని తలుస్తాను. బీదర్‌లో చలి మనకంటే ముందే దిగుతుంది. పొద్దున్నే చన్నీళ్లలో చేతులు పెట్టకు.

నీ ఉత్తరం శుక్రవారం అందింది. బావ బస్సు కండక్టర్ చేతికి ఇచ్చాడట, ఆయన మన షాపు ముందు బస్సు ఆపి మరీ ఇచ్చి వెళ్లాడు. నువ్వు ఫోన్ ముట్టనని బీరువాలో పెట్టి పోయినప్పుడు నాకు కోపమొచ్చింది. ఈ కాలంలో ఉత్తరాలు రాసుకునేదెవరని అమ్మ ముందు గొణిగాను. ఆ ఫోన్ నిండా అఖిలేష్ వీడియోలేనని, అది మోగితే ముందు వాడి మొహమే కనబడుతుందని నాకు ఆలస్యంగా వెలిగింది. ఇప్పుడు ఉత్తరమే నయమనిపిస్తోంది. నువ్వు ఎదురుగా ఉంటే ఇదంతా నేను చెప్పగలిగేవాణ్ణి కాదు.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. సహస్ర తింటోంది. అమ్మ చేసిన జొన్నరొట్టె సగం వదిలేస్తుంది గాని నేను మాడ్చిన ఉప్మా మొత్తం తింటుంది. నా మీద జాలి కావచ్చు. జడ మాత్రం నాకు చేతకాలేదు. రోజూ మోటార్లకు రాగితీగ చుట్టేవాడికి జడ ఒక లెక్కా అనుకున్నాను, అది స్కూలు చేరేలోపే ఊడిపోయింది. ఇప్పుడు పక్కింటివాళ్లు వేస్తున్నారు. షాపులో పనికి కొదవ లేదు. ఆలుగడ్డకు నీళ్లు పెట్టే రోజులు కదా, కోహీర్ దిక్కు నుంచి కాలిపోయిన మోటార్లు ఆటోల్లో వచ్చి పడుతున్నాయి. రైతులు నా మొహం చూసి ఎప్పటిలా తొందరపెట్టడం లేదు. అదే నాకు బాధగా ఉంది.

అఖిలేష్ బట్టలు ఎవరికీ ఇవ్వలేదు. నీళ్ల పార్కులో కొన్న నీలం ఈతచెడ్డీని అమ్మ ఉతికి ఆరేస్తే, అది మొన్నటిదాకా దండెం మీదనే ఉంది. తీయబోతే సహస్ర ఊరుకునేది కాదు. దాని సంగతి తర్వాత రాస్తాను.

ఇక నీ చివరి ప్రశ్న. మీ అన్న కొడుకు ఫోన్‌లో చూపించాడని రాశావు. పార్కు గేటు ముందు అరుస్తున్న గుంపులో నేను కార్డు పైకెత్తి నిలబడ్డానని, ఇంటిమీద ఇంత పడ్డాక నీకు ఆటల మీద మనసెట్ల పోయిందని అడిగావు. నువ్వు అడగాల్సిందే. నేను నీ చోట ఉంటే ఇంకా గట్టిగా అడిగేవాణ్ణి.

నీలికెరటం పార్కువాళ్లు ఏడాది పాసుల ధర పెంచారు. పెంచడమంటే అట్లా ఇట్లా కాదు, దాదాపు రెండింతలు. పైగా ఆదివారాలకు, పండుగలకు ఆ పాస్ చెల్లదట, వాటికి ఇంకో పెద్ద పాస్ తీసుకోవాలట. మన పాసుల వాళ్ల గుంపు నీకు తెలుసు కదా, అలల కొలను దగ్గర పరిచయమైనవాళ్లంతా ఫోన్‌లో ఒకచోట చేరారు. అందులో ఆ రోజు నుంచి ఒకటే గోల. అమర్నాథ్ సార్, అదే, ఆ తెల్లమీసాల పెద్దమనిషి, "ఆదివారం లేని పాస్ ఏం చేస్కోవాలె, గోడకు తగిలేస్కోవాల్నా" అని పెట్టాడు. న్యాల్‌కల్ ఆయనొకడు "మా ఊరికి రాండ్రి, బాయిల దుంకుండ్రి, పాస్ అడిగేటోడే లేడు" అన్నాడు. కొందరు ఇక ఆ పార్కు మొహం చూడమని ఒట్లు పెట్టుకున్నారు, వాళ్లే మరునాడు పాత ధరకు దొరుకుతుందేమోనని వాకబు చేశారు. రమ్య అనే అమ్మాయి ఏడుస్తూ వీడియో పెడితే, పాస్ కోసం ఏడుపా అని కొందరు నవ్వారు. "మా అమ్మ మోకాళ్లు పని చెయ్యయి. నీళ్లల్లనే నడుస్తది" అని ఆమె రాసింది. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

నేను ఇవన్నీ షాపులో కూర్చుని చదివాను. ఏదీ నాకు పట్టలేదు. ధర పెరిగితే నాకేమిటి, మనం మళ్లీ ఆ నీళ్లలో దిగేది లేదు కదా. కాని పార్కువాళ్ల ప్రకటనలో చివర ఒక మాట ఉంది. ఇకమీదట కుటుంబం కార్డులు ఉండవు, ఎవరి కార్డు వాళ్లకే, పాత కార్డులు తిరిగి ఇచ్చేయాలి అని. అది చదివాక చేతిలో పని చేతిలోనే ఉండిపోయింది.

మన కార్డు నీకు గుర్తుందా? నలుగురం ఒకే ఫోటోలో ఉన్నాం. అఖిలేష్ సరిగ్గా ఫోటో తీసేటప్పుడు కళ్లు మూశాడు. మళ్లీ తీయమని నేను అంటే, వెనక లైను పెద్దగా ఉందని, "ఉండనీ, వచ్చే ఏడు మంచిగ దిగుతడు తీ" అన్నావు. ఆ కార్డు నా జేబులోనే ఉంటోంది. దాన్ని కౌంటర్‌లో ఇచ్చి రమ్మంటే నావల్ల కాలేదు. అందుకే పోయాను త్రివేణీ. పాత ధర కావాలని అందరూ అరుస్తుంటే నేనూ అరిచాను. ధర కోసం కాదు.

మొత్తానికి వాళ్ల అరుపులు ఫలించాయి. మేనేజరు బయటికొచ్చి, పాత కుటుంబాలకు పాత కార్డే, పాత ధరే అన్నాడు. కాకపోతే కార్డులో ఉన్నవాళ్లంతా రెండు వారాల తర్వాత వచ్చే ఆదివారం స్వయంగా రావాలి, కొత్త ఫోటో దిగాలి అన్నాడు. జనం ఈలలు వేశారు. అమర్నాథ్ సార్ నన్ను కౌగిలించుకున్నాడు. ఆయన భుజం మీద తల పెట్టి నేను ఏడిస్తే, సంతోషానికనుకున్నాడు.

ఇక్కడిదాకా రాసి లేచి వెళ్లి చాయ్ తాగి వచ్చాను. మిగతాది రాయకుండా ఇక్కడే ముగించేద్దామా అని కూడా అనుకున్నాను.

పెద్దలకు బియ్యమిచ్చే పెత్రమాస నాటి మాట ఎత్తకుండా అది రాయలేను. ఆ రోజు అమ్మ చేటలో బియ్యం పోసి, గుమ్మడికాయ ముక్క పెట్టి, తాత పేరు, నాన్న పేరు చెప్పి, చివర అఖిలేష్ పేరు చెప్పింది. చిన్నపిల్లలకు అవసరం లేదమ్మా అని అయ్యగారు అన్నా వినలేదు. "ఆ లోకంల ముసలోళ్ల నడుమ వానికి ఆకలైతే ఎవలు పెడ్తరు అయ్యా? పేరు చెప్పి తీస్కో" అంది. నువ్వు వంటింట్లోంచి వచ్చి చేట లాగేశావు. బియ్యం ఇల్లంతా చెల్లాచెదురైంది. అప్పుడు నేను, అందరి ముందు, "పోయినోడు పోయిండు. ఒప్పుకోవాలె. ఎన్నొద్దులు గిట్లనే ఉంటవ్" అన్నాను. నువ్వు ఫోన్ బీరువాలో పెట్టి సాయంత్రం బస్సుకు వెళ్లిపోయావు.

శ్రావణంలో జ్వరం మెదడుకెక్కి వాడు మన చేతుల్లోంచి పోయిన నాటి నుంచి పోయాడన్న మాట నువ్వు నోటితో అనలేదు. నేను మాత్రం అందరికీ చెప్పుకుంటూ వచ్చాను. రైతులకు చెప్పాను, చుట్టాలకు చెప్పాను, స్కూల్లో చెప్పాను. ధైర్యం గలవాడినని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

ఆ ధైర్యం పార్కు గేటు దాకా కూడా రాలేదు. పాసుల గుంపులో నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఎందుకు రావడం లేదంటే పని ఒత్తిడి అని రాస్తూ వచ్చాను. ఆ రోజు గేటు దగ్గర అమర్నాథ్ సార్ కనబడగానే, "మన డ్రైవర్ సాబ్ ఏడి?" అన్నాడు. చిన్న రైలు నడిపే సంగయ్య పక్కన కూర్చుని విజిల్ తాడు లాగుతాడని వాణ్ణి అందరూ అట్లాగే పిలిచేవాళ్లు కదా. నేను, "బీదర్ల ఉన్నడు సార్, వాళ్లమ్మ దగ్గర" అన్నాను. అనగానే ప్రాణం హాయిగా అనిపించింది. ఆ ఒక్క నిమిషం వాడు నిజంగానే నీ దగ్గర ఉన్నాడు. నువ్వు అన్నం కలిపి పెడుతున్నావు, వాడు వద్దని పరుగెత్తుతున్నాడు.

తర్వాత కౌంటర్‌లో కూర్చునే క్రాంతి పేర్లు రాసుకుంటూ, "నలుగురున్నరు గద అన్నా?" అన్నాడు. "ఉన్నరు" అన్నాను.

నీకు ఒప్పుకోమని చెప్పిన నోటితోనే అన్నాను. నువ్వు చేట లాగినందుకు నేను అంత మాట అన్నాను గాని, నేను చేసింది దానికంటే వేరా? నన్ను క్షమించు త్రివేణీ. ఆ రోజు నువ్వు ఏడవడానికి ఇంట్లో చోటు లేకుండా చేశాను.

అంతటితో అయిపోతే ఇది నా గుండెలోనే ఉండిపోయేది. కాని సహస్ర నా పక్కనే ఉంది. ఇంట్లో ఉండనని ఏడిస్తే తీసుకుపోయాను. తిరిగొచ్చే బస్సులో చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసి, "నాన్నా, తమ్ముడు అమ్మ దగ్గర ఉన్నడని సార్‌కు చెప్పినవ్ గద. మరి నాయనమ్మ బియ్యం ఎవరికిచ్చింది?" అని అడిగింది.  చెరుకు బండి అడ్డమొచ్చి బస్సు ఆగితే దాన్ని చూస్తున్నట్టు నటించాను. పదకొండేళ్ల పిల్లకు తమ్ముడు ఏమయ్యాడో తెలియక కాదు. తండ్రి మాట నమ్మితే వాడు వస్తాడేమోనని ఆశపడింది, అంతే.

బుధవారం వాళ్ల టీచర్ షాపుకు ఫోన్ చేసింది. తమ్ముడు బీదర్‌లో ఉన్నాడని, ఆదివారం ఫోటో దిగడానికి వస్తాడని క్లాసులో అందరికీ చెప్పిందట. వాళ్లంతా అదే స్కూల్లో వాడి కోసం మౌనం పాటించిన పిల్లలు. "మీరు జర పాపతోని మాట్లాడుండ్రి" అంది టీచర్. ఇంటికొచ్చి చూస్తే దండెం ఖాళీగా ఉంది. నీలం చెడ్డీ మడతపెట్టి, తువ్వాలుతో పాటు పార్కు సంచిలో సర్దింది. సంచి మంచం కిందనే ఉంది. దాన్ని తీయడం నాకు చేతకాలేదు.

నిన్న అమర్నాథ్ సార్ గుంపులో ఇంకోటి రాశాడు. గెలిచిన సంతోషానికి ఆదివారం పిల్లలందరినీ రైలెక్కిస్తారట. మొదటి విజిల్ మన డ్రైవర్ సాబే వేయాలని సంగయ్య పట్టుబట్టాడట, వాడొచ్చేదాకా రైలు కదలదన్నాడట. దాని కింద అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. సంగయ్య పైసా ఆశించకుండా మన పిల్లాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకున్న మనిషి. ఆయన ఆ తాడు పట్టుకుని గేటు వైపు చూస్తూ ఉంటాడు. ఈ సంగతి ఫోన్‌లో రాసి చేతులు దులుపుకోవడానికి నాకు మనసొప్పడం లేదు.

అమ్మ నీ మీద కోపంగా లేదు. ఆ రోజు నేల మీద పడ్డ బియ్యం గింజ గింజ ఏరి ఒక డబ్బాలో పోసి పెట్టింది. వండలేదు, ఎవరికీ ఇవ్వలేదు. "నా కోడలొచ్చి ఏం చెయ్యమంటే గది చేస్త. దాని కొడుకు గదా" అంటోంది. ఈ మాట నీకు రాయమని తనే చెప్పింది.

వచ్చే ఆదివారం మొదటి బస్సుకు రా. రమ్మనే హక్కు పోగొట్టుకున్నానేమో తెలియదు, అయినా అడుగుతున్నాను. బస్టాండ్‌లో నేను, సహస్ర ఉంటాం. పార్కుకు పోయే దారిలో ముందు సహస్రకు చెప్పాలి, నాన్న అబద్ధమాడాడని. తర్వాత అమర్నాథ్ సార్‌కు, సంగయ్యకు చెప్పాలి. పాత ధర, కొత్త ధర మనకొద్దు. పాస్ తీసుకోవద్దు. కార్డు తిరిగి ఇమ్మంటే నువ్వు ఎట్లా అంటే అట్లా చేద్దాం. నీ చేతికే ఇస్తాను, నాకు దాన్ని వదలడం రావడం లేదు.

ఎంతమంది అన్నా అని క్రాంతి మళ్లీ అడుగుతాడు. ముగ్గురమని నేనే చెబుతాను. కాని ఆ మాట అనేటప్పుడు నువ్వు నా పక్కన నిలబడు. ఒక్కణ్ణే అయితే మళ్లీ నలుగురనే అంటాను.

ఇట్లు,
అఖిలేష్, సహస్రల నాన్న