బీమా ఫారంలో ఒక గడి

ఫిబ్రవరి 9
పొద్దున ఆరుకు రాగి గంజి. పార్వతి రెండు చెంచాలు తాగింది, మూడోది వద్దంది. పదింటికి దుప్పటి మార్చాను. నొప్పికి ఒక మాత్ర — చిక్కబళ్లాపురం డాక్టరు ఇక ఇంట్లోనే ఉంచుకోమన్నాడు. మధ్యాహ్నం దుబాయ్ నుంచి ఆమె తమ్ముడు రమేశ ఫోన్లో కనిపించాడు. గుర్తుపట్టింది. మూడు దాటాక కళ్లు తెరిచి, "మోటరు ఆపినారా?" అంది. ఆపానన్నాను. మూడూ ఇరవైకి పార్వతి పోయింది.
మోటరు ఆపలేదు. సాయంత్రం దాకా తోటలో నీళ్లు పారుతూనే ఉన్నాయి.

ఫిబ్రవరి 10
రమేశ వచ్చాడు. తోట గట్టునే మట్టి చేశాం. నా చేతులు పట్టుకుని ఏడ్చాడు. నా మొహంలోకి మాత్రం చూడలేదు.

ఫిబ్రవరి 21
రమేశ తిరుగు ప్రయాణం. బస్టాండులో — "నువ్వన్నా రా బావా. అక్క చూడాలనుకున్న ఊరు."
పోయిన జూన్‌లో ఇద్దరికీ విజిట్ వీసాకు కాగితాలిచ్చాం. ఆమెది రాలేదు. పాస్‌పోర్టులో ఇంటిపేరు లేదు, పార్వతమ్మ అని ఒంటి పేరే, అలాంటివాళ్లను ఆ దేశం రానివ్వదు — ట్రావెల్స్ నజీర్ అలా అన్నాడని ఆమే చెప్పింది. నాదీ ఆపేశాను. మర్నాడు చింతామణి వెళ్లి, టీ అంగడి ముందు పదిమంది వినేలా నజీర్‌ను తిట్టాను. ముందే చెప్పడానికి నోరు లేదా అని. తల వంచుకుని నిలబడ్డాడు.

ఫిబ్రవరి 26
రమేశ పోరు పడలేక మళ్లీ నజీర్ దగ్గరికే. పాస్‌పోర్టు, తెల్ల గోడ ముందు తీసిన ఫోటో, రమేశ అక్కడి ఇంటి అగ్రిమెంటు, డబ్బు కట్టని రానుపోను బుకింగు... పాస్‌పోర్టు గడువు ఇంకా ఆరు నెలలకు పైన ఉందో లేదో వేళ్ల మీద లెక్కపెట్టాడు. "ఉండాది సార్. వస్తాది."
పాస్‌పోర్టు అతని చేతికింద తెరిచి ఉంది. ఇంటిపేరు చోటు ఖాళీ. నారాయణస్వామి — అంతే. ఇన్నాళ్లూ చూసుకోలేదు.
"నాదీ ఒంటి పేరే గదా?"
"ఆఖరి పేజీలో మీ నాయన పేరు ఉండాది. చాలు సార్."
"ఆమెదాంట్లోనూ ఉండెనే."
టీ తెప్పించాడు. చల్లారిపోయింది. తర్వాత, నన్ను చూడకుండా —
"అమ్మ ఒగరే వచ్చిరి సార్. వీసాతో జతకు ఇచ్చే బీమా ఫారంలో ముందునించీ ఏం జబ్బులుండాయని ఒక గడి ఉంటాది. ఖాళీగా ఇడిచిపెడ్దాం అంటి. 'అబద్ధం నేను రాయను, నిజం రాస్తే మా ఆయన చూస్తారు, అర్జీ వాపస్ ఇచ్చేయప్పా' అనిరి. మీకు పేరు సాకు తానే చెప్పుకుంటాననిరి. మురుగమల్ల దర్గా మీద నాతో ఒట్టు వేయించుకొనిరి."
"నేను తిట్టినప్పుడైనా చెప్పకూడదా?"
"ఒట్టు గదా సార్."
బీమా కంపెనీకి అబద్ధం రాయలేకపోయింది. నాకు చెప్పగలిగింది.

మార్చి 1
జబ్బు సంగతి ఆమెకు జూన్‌లో తెలుసు. నాకు నవంబరులో.

మార్చి 2
రమేశకు ఫోన్. "నీకు తెలుసునా?" "అక్క చెప్పొద్దనె బావా. చేసేదేం లేదని డాక్టరు అన్నాడంట. బావ ఇంకొన్నాళ్లు నవ్వుకుంటా ఉండనీ అనె."
నవ్వుకున్నాను. ఆ ఐదు నెలలూ. ఆగస్టులో జాకెట్లు వదులైతే, "ఏమే, దుబాయ్ బెంగనా?" అని ఎగతాళి చేశాను. "ఊ, అదే" అంది.

మార్చి 3
రమేశ రెండుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు.

మార్చి 5
బీరువాలో ఆమె పాస్‌పోర్టు కవరు. లోపల ఆమె జబ్బు రిపోర్టు. మిగిలిన వీసా ఫోటోలు రెండు. ఆ రోజు స్టూడియోవాడు "నవ్వొద్దమ్మా, వాళ్లు ఒప్పుకోరు" అన్నకొద్దీ నవ్వింది. నాలుగుసార్లు తీశాడు. నేనూ నవ్వాను.
రిపోర్టు తేదీ — ఫోటోకు ముందురోజు.

మార్చి 6
నేనూ ఒక అబద్ధం చెప్పాను, మోటరు గురించి. అది కొన్ని నిమిషాలకు. ఆమెది ఐదు నెలలకు. రెండూ ఒకటి కావు.

మార్చి 8
వీసా వచ్చింది. ముప్పై రోజులు ఉండొచ్చు. కింద నజీర్ మెసేజ్ — "టికెట్ ఎప్పటికి చేసేది సార్?" జవాబు ఇవ్వలేదు. రమేశ ఎదుట కూర్చుని అన్నం తినగలనో లేదో తెలియదు. మూడు రోజులుగా ఆమె ఫోటోకు దీపం పెట్టలేదు. పెట్టబుద్ధి కాలేదు.
రేపు ఉదయం ఏడు గంటల బస్సుకు చింతామణి వెళ్తాను. అదే టీ అంగడి ముందు, ఆ రోజు విన్నవాళ్లు వినేలా, తప్పు నాదేనని నజీర్‌తో చెబుతాను. ఎందుకని వాళ్లు అడుగుతారు. ఆమె సంగతి చెప్పను. ఒంటి పేరు రూలు నాకే సరిగా తెలియలేదంటాను.