తలుపు పరిశీలనలో ఉన్నది

రిజిస్ట్రారు గారి సముఖమునకు,
విశ్వవిద్యాలయ మరమ్మతుల విభాగంలో వడ్రంగి పని చేయువాడు సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: జంతుశాస్త్ర విభాగము, మొదటి అంతస్తు, పెద్ద ప్రొఫెసరు గారి గది తలుపును పదకొండు రోజులుగా తిరిగి బిగించనందుకు నాకు ఇచ్చిన మెమోకు సంజాయిషీ; తలుపు కంటే ముందు జరగవలసిన మరొక పని గురించి విన్నపము.

తమరు పంపిన మెమో ముట్టినది. మూడు రోజుల్లో జవాబు ఇవ్వకపోతే సస్పెండు చేస్తామన్నారు. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో నా పేరు మీద వచ్చిన మొట్టమొదటి కాగితమిది. మా ఆవిడ అమ్మాయిల హాస్టల్లో ఆయా. మెమో నాచేత రెండుసార్లు చదివించుకుని విని, "పోన్లే, రిటైరయ్యేలోపు నువ్వొకడివి ఉన్నావని పెద్దాఫీసుకి తెలిసింది," అని మురిసిపోయింది. ఆ ఉత్సాహంలోనే ఈ క్రింది విధముగా మనవి చేసుకొనుచున్నాను.

1. తలుపు ఊడదీసినది నేనే. మూడు బందులు, పన్నెండు స్క్రూలు, పావుగంట పని. ఇందులో ఎవరి ప్రోద్బలమూ లేదు.

2. కారణము. ఆ విభాగంలో కప్పల మీద పరిశోధన చేసే అమ్మాయి ఉన్నది. కప్పలు ఉండే పెట్టెలు చేసిపెట్టింది నేనే కనుక నన్ను బాబాయ్ అంటుంది. పెద్ద ప్రొఫెసరు గారు ఆమెకు గైడు. థీసిస్ గురించి మాట్లాడాలని పిలిచి, "వరండాలో గోలగా ఉంది, తలుపు వేసి రా," అంటారు. తలుపు పడ్డాక వారి కుర్చీ ఆమె కుర్చీ పక్కకి వస్తుంది. చెయ్యి భుజం మీదకి వస్తుంది. "చెయ్యి తియ్యండి సార్," అంటే, "నీ కాగితాల మీద సంతకం పెట్టాల్సింది కూడా ఈ చెయ్యేగా," అంటారు. ఇలా నాలుగుసార్లు. (ఈ పేరా ఆమెకు చదివి వినిపించి, ఒప్పుకున్నాకే రాస్తున్నాను. రెండు వాక్యాలు కొట్టేయించింది. రెండూ నేను ఆయన్ని తిట్టినవి.)

అయ్యా, చెప్పేటప్పుడు ఆ పిల్ల ఏడవలేదు. పెట్టెలో నీళ్లు మారుస్తూ మామూలుగా చెప్పింది. ఏడ్చినా బాగుండేది. నాకు ఒళ్లు మండిపోయింది.

3. ఆమె వెంటనే ఫిర్యాదుల కమిటీకి రాసి ఇచ్చినది. అక్కడి సూపరింటెండెంటు గారికీ ఆమెకీ జరిగిన సంభాషణ ఇది:

"సాక్షులెవరమ్మా?"

"తలుపు వేసుంది కదండీ."

"అదే మరి. సాక్షి లేకపోతే ఎట్లా?"

పిమ్మట కమిటీ మూడుసార్లు వాయిదా పడినది. మొదటిసారి అధ్యక్షురాలు సెలవు. రెండోసారి సభ్యులు చాలలేదు. మూడోసారి మీటింగు గది తాళంచెవి దొరకలేదు. తాళం తీయడానికి నన్నే పిలిచారు. నేను రెండు నిమిషాల్లో తీశాను, ఆలోపే సభ్యులు టీ తాగి వెళ్లిపోయారు. ఫైలు మీద మాత్రం "పరిశీలనలో ఉన్నది" అని రాసి ఉన్నది.

ఈలోగా ఆమె పరిశోధన రిపోర్టు మీద గైడు గారు సంతకం ఆపేశారు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే పెడతారట. వచ్చే సోమవారం లోపల సంతకం పడకపోతే సీటు రద్దు. ఐదేళ్ల చదువు అయ్యా! కప్పలకున్న దిక్కు కూడా ఆమెకు లేకుండా పోతుంది.

4. నేను పెద్దగా చదువుకున్నవాణ్ని కాను గానీ ఒక సంగతి అర్థమైంది. కమిటీకి కావలసింది సాక్షి. సాక్షికి అడ్డం తలుపు. తలుపు నా శాఖ! వెంటనే షెడ్డుకి పోయి, పెండింగు చీటీలు గుచ్చే మేకు వెతికాను. చీటీ లేనిదే మేము ఏ తలుపునూ ముట్టరాదని రూలు కదా. దొరికింది! పెద్ద ప్రొఫెసరు గారే స్వహస్తాలతో రాసిన చీటీ: "తలుపు సరిగా పడుట లేదు. గడియ గట్టిగా పడునట్లు చేయవలెను." కింద వారి సంతకం. ఆ పిల్లకు పెట్టని సంతకం నాకు పెట్టారు, మహానుభావులు. మర్నాడు ఉదయం తలుపు నా నెత్తి మీద ఉన్నది. వరండాలో ఉన్నవాళ్లంతా దారి ఇచ్చారు.

5. మెమోలో "ఇంత ఆలస్యం ఏల?" అని అడిగినారు. మొదటి రోజు నా ఉలి సెలవు. రెండో రోజు స్క్రూలు చాలలేదు. మూడో రోజు షెడ్డు తాళంచెవి దొరకలేదు. ఆ తర్వాత తలుపుకి "పరిశీలనలో ఉన్నది" అని కాగితం అంటించాను. మీ ఆఫీసు పద్ధతే, తూచా తప్పలేదు.

6. తలుపు లేకపోవుటచే కలిగిన నష్టముల వివరము కోరినారు. వరండాలో గోల ఎక్కువైందని వారి ఫిర్యాదు. నిజమే. కుర్రకారు అంతా అటే నడుస్తున్నారు, అటెండరు తన స్టూలు సరిగ్గా గడపకి ఎదురుగా వేసుకున్నాడు. పెద్ద ప్రొఫెసరు గారు ఇప్పుడు పిల్లలందరినీ "అమ్మా, అమ్మా" అంటున్నారు. వారి కుర్చీ గోడకి అంటుకుని కదలడం లేదు. తలుపు గురించి ఎవరూ ఒక్క మాట అనకముందే, "నేనేం చెయ్యలేదండీ, తలుపు లేకపోతే నాకేం భయం," అని గది గదికీ తిరిగి చెప్పుకున్నారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం నేను కళ్లారా చూడటం ఇదే మొదలు. ఒకరోజు పరదా కట్టించారు. కట్టిన మేకు నేను కొట్టిందే కాబట్టి సాయంత్రానికి ఊడి పడింది.

7. ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. అంతా అయిపోయిందనుకుని నేను గంతులు వేస్తుంటే కప్పల అమ్మాయి వచ్చి నవ్వింది. "బాబాయ్, తలుపు తీశావు. సోమవారం సంతకానికి ఏం ఊడదీస్తావు?" అంది. తలుపు ఊడదీయడం నా పని, అయ్యా. మిగతాది మీ పని.

8. ప్రస్తుతం తలుపు ఎక్కడున్నదని అడిగినారు. నా షెడ్డులో, చెక్కలు కోసేటప్పుడు ఆన్చే రెండు చెక్కగుర్రాల మీద పడుకుని ఉన్నది. బల్లగా పనికొస్తోంది. సంగతి తెలిసి మా ఆవిడ హాస్టల్లో ఎవరెవరితో ఏం చెప్పిందో గానీ, వరసగా పిల్లలు వచ్చారు. కొందరు చదువు ముగించుకుని వెళ్లిపోయినవాళ్లు. ఆ తలుపు మీదే కాగితం పెట్టుకుని రాశారు. ఒక పిల్ల గడియ దగ్గర చాలాసేపు చెయ్యి పెట్టుకుని కూర్చుని, తర్వాత రాసింది. మా ఆవిడ అందరికీ మంచినీళ్లు ఇచ్చింది. ఐదు ఫిర్యాదులు, కవర్లలో అంటించి, ఇందువెంట జతపరచడమైనది. నేను చదవలేదు. ఆరోది నా మీద: షెడ్డులో స్టూళ్లు ఊగుతున్నాయని. దాన్ని ఆ పూటే పరిష్కరించి, ఆమెకు రసీదు కూడా ఇచ్చాను. పెద్ద కష్టమేమీ కాలేదు.

కావున ప్రార్థించునది ఏమనగా: శుక్రవారం కమిటీని కూర్చోబెట్టి, తలుపు వెనక జరిగినదానికి సాక్షిని అడగకుండా పిల్లల మాట వినిపించుకోవలెను. సోమవారం లోపల కప్పల అమ్మాయికి మరొక గైడును ఇచ్చి సంతకం పెట్టించవలెను. గైడుల గదుల తలుపులన్నిటికీ ఛాతీ ఎత్తున, లోపలికి కనబడే అద్దం పెట్టడానికి నాకు చీటీ ఇప్పించవలెను. పిమ్మట పెద్ద ప్రొఫెసరు గారి తలుపు అద్దంతో సహా గంటలో బిగిస్తాను. నన్ను సస్పెండు చేసినా సరే, స్క్రూలు జేబులోనే ఉన్నవి, వచ్చి బిగించిపోతాను.

ఇంతవరకు ఓపికగా చదివిన తమరు, జతపరచిన ఐదు కవర్లనూ అంతే ఓపికతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
వడ్రంగి, మరమ్మతుల షెడ్డు

తా.క.: మీ గది తలుపు కిర్రుమంటోందని మీ అటెండరు చీటీ రాసి సంతకాల ఫైల్లో పెట్టాడు. తమరు చూడకుండానే సంతకం పెట్టారు. చీటీ నా మేకుకి గుచ్చి ఉన్నది. శుక్రవారం కమిటీ కూర్చుంటే వచ్చి చుక్క నూనె వేసి పోతాను. కూర్చోకపోతే శనివారం ఉదయం మీ తలుపును కూడా పరిశీలనకు తీసుకుంటాను. షెడ్డులో ఇంకో బల్ల అవసరం పడేలా ఉంది.