వేడిగా దొరికిన ఇంజను

జరీనా,

మా అన్న అమీర్ బాషా వస్తే, దొరలు షికారుకు వాడిన ఆ పాత మోటారు పడవ కొనడం లేదని చెప్పు. నేను దువ్వూరు పోతున్నాను, సాయంత్రం వస్తాను.

మొన్న జమ్మలమడుగులో నేను దాని రంగూ చెక్కా చూస్తుంటే, నువ్వు పొయ్యి తాకినట్టు ఇంజను తాకి, "ఇది ఇంకా కాలతాండాది. మనం రాకముందే నడిపినారు" అన్నావు. పదిమందిలో "నీకేం తెల్సు, ఊరికే ఉండు" అన్నాను.

నిన్న అమ్మేవాడికి చెప్పకుండా మళ్లీ అక్కడికి వెళ్లాను. చల్లారిన ఇంజను తిప్పి తిప్పి నా భుజం పోయింది గానీ అది అందుకోలేదు. వేడిమీద తప్ప కదలదని అమ్మేవాడికి ముందే తెలుసు.

ఎవరు కనిపెట్టారని అన్న అడుగుతాడు. "ఇరవయ్యేళ్లుగా మెకానిక్కు పని చేస్తున్న నా మొగుడు కాదు, నేనే" అని తలెత్తుకొని చెప్పు.

నూర్

మరిచాను. వచ్చే వారం మైదుకూరులో ఇంకో ఇంజను చూడాలి, నువ్వూ రా. ముందు నువ్వు చెయ్యి పెట్టు, తర్వాతే నేను నోరు తెరుస్తాను.