పక్క బటన్ జోలికి వెళ్ళకండి

అత్తయ్యా, మీ ఫోన్ బాగైంది. ఫ్రిజ్ మీద పెట్టాను. ఇక పక్కనున్న బటన్ జోలికి వెళ్ళకండి. తెర మీద వేలితో రెండుసార్లు తడితే అదే వెలుగుతుంది. తెర మూలన తెల్ల చుక్క ఒకటి పెట్టించాను. దాన్ని ముట్టుకుంటే ఫోన్ ఆపడానికీ, సౌండ్ పెంచడానికీ గుర్తులు వస్తాయి. మురికనుకుని కొంగుతో తుడవకండి, అది పోదు.

రిపేరాయన మీ బటన్ చూసి, "ఇది ఫోనా, కాలింగ్ బెల్లా అమ్మా?" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. రిపోర్టు సంగతి చెప్పడానికి ఆసుపత్రి వాళ్ళు ఫోన్ చేస్తారేమోనని పది రోజులు మీరు దాన్ని నొక్కుతూనే ఉన్నారు. నేనేమో విసుక్కున్నాను. తీరా వాళ్ళు నిన్న చేసింది మీ అబ్బాయికే! ఆయన మెడ మీది గడ్డ మామూలుదేనట, హమ్మయ్య. ఆయన్ని లేపకండి, ఎంతసేపు పడుకుంటే అంతసేపు పడుకోనివ్వండి. నేను డ్యూటీకి వెళ్తున్నా.

ఇంకోమాట. నా ఫోన్ కూడా చూపించాను. మీ బటన్ కంటే నాదే ఎక్కువ అరిగిందట. మీకు కనబడకుండా వంటింట్లో నొక్కేదాన్ని.