అన్న పరీక్ష ప్యాడు

చిట్టీ,

బిడ్డా, ఇక్కడ నేను, మీ బాపు, చెల్లె మంచిగున్నం. అందరం అని రాయబోతె చెయ్యి ఆగుతది, గందుకే ఒక్కొక్కల్ని రాస్తున్న. హాస్టల్ల నువ్వు గుడ మంచిగుండాలె. నా రాత వంకరటింకరగుంటది, మెల్లగ చదువుకో.

నడుము నొప్పి ఎట్లున్నదని అడిగినవ్. కంపెనీల నన్ను నిలబడే పనికెల్లి తీసి, కూసోని డబ్బాలకు చీటీలు అంటించే పనికి ఏసిండ్రు. పని మార్పిచ్చిన మా సుధీర్ సారుకు పుణ్యముంటది. బాపు చాయ్‌ల చక్కెర తగ్గించిండా అన్నవ్. తగ్గించలే. నువ్వే వచ్చి చెప్పు, నా మాట ఇనడు.

ఇగ చెల్లె రవళి బడి సంగతి. పాత బడి మూతపడ్డది కదా, ఇస్నాపూర్ల ఇంగ్లీషు బడికి తోల్కపోయిన. ఐదో తరగతికి అడిగితె, పరీక్ష పెట్టి ఏ తరగతో చెప్తమన్నరు. చెల్లె లోపలికి పోయొచ్చింది. చూస్తె కాయితం మీద పేరు ఒక్కటే ఉన్నది. ఇట్లయితె మూడుల కూసోబెట్టాలె అన్నరు. ఇంట్ల ఎక్కాలు గడగడ చెప్పే పిల్ల. ఎంత బతిమిలాడినా నోరిప్పలే.

పరీక్ష పెట్టిన మేడం పేరు హైమావతి. ఆంధ్రోళ్లు, వాళ్లాయన కొలువు కోసమని ఎన్నడో ఇటొచ్చి ఇక్కడనే ఉండిపోయిండ్రట. ఆమె నన్ను పక్కకు పిలిచి, "పిల్లకి రాక కాదమ్మా, రాయడం ఇష్టం లేక. రేపు మళ్ళీ తీసుకురా" అన్నది. ఆడనే దండం పెట్టిన.

మర్నాడు మేడం ముందుగాల కాయితం ఇయ్యలే. నన్ను గుడ లోపల్నే కూసోమన్నది. ఐదంటే భయమా అని చెల్లెనడిగింది. చెల్లె గోడ దిక్కు చూసుకుంట చెప్పింది.

"మా అన్న నాలుగుల ఉన్నప్పుడు సచ్చిపోయిండు. నేను ఐదుకు పోతె అన్న నాకు తమ్ముడైతడు కద మేడం."

మేడం నవ్వలే. అద్దాలు తీసి చీరె కొంగుతోని తుడుచుకున్నది. ముందటేడు వానల్ల జరమొచ్చి మహేష్ పోయినప్పటిసంది పిల్ల కడుపుల ఏమున్నదో నాకే తెల్వలే. నేను ఏడుస్తుంటె మేడం నన్ను ఊకోమనలే. చెల్లెను మాత్రం, మీ అన్న నీకేం నేర్పిండని అడిగింది. భాగారాలు అన్నది. అయితే ఆయన ఎంత బాగా నేర్పాడో చూస్తానన్నది. చెల్లె సంచిలకెల్లి ప్యాడు తీసి, దాని మీద కాయితం పెట్టి, ఇచ్చిన లెక్కలన్నీ చేసింది.

ఇగ నీకు చెప్పాల్సింది ఇప్పుడు చెప్తున్న. గా ప్యాడు మహేష్‌ది. తమ్ముని బడి సంచికి నువ్వే ముడేసి, నేనొచ్చెదాంక ఎవ్వరు ఇప్పొద్దని ఒట్టేయించుకొని పోయినవ్. మొన్నటి ఉత్తరంల గుడ అడిగినవ్. మేడం మల్ల రమ్మన్న దినానికి ముందురోజు సాయంత్రం ఇప్పిన బిడ్డా. వాని వస్తువు చేతుల ఉంటె పిల్లకు ధైర్యమొస్తదనుకున్న. సంచి అడుగున వాడు పెన్సిలు చెక్కిన పొట్టున్నది. పారెయ్యలే. అట్లనే ఉంచి మల్ల ముడేసిన, నీ ముడి లెక్క రాలే. కోపం చెయ్యి, ఉత్తరం మాత్రం ఆపకు.

ఐదులనే తీసుకున్నరు. ఇంగ్లీషు ఎనుకబడ్డదని బడి అయినంక మేడమే చెప్తున్నది. మేడంకు మక్క గారెలు చేసి పంపితె, కారం సాల్లేదన్నదట. నువ్వు సెలవులకు రా, ఇస్మాయిల్‌ఖాన్‌పేట అమ్మవారికి ఒడిబియ్యం మొక్కిన, నలుగురం కలిసి పోదాం.

ప్యాడు మీద వాడు మహేష్, నాలుగో తరగతి అని స్కెచ్చుతోని రాస్కున్నడు, యాదికున్నదా. సీటు వచ్చిన రోజు చెల్లె నాలుగు కొట్టేసి ఐదు రాసింది. తన పేరు రాస్కోలే. ఏందే ఇది అంటె, "అన్న గుడ పాసైండు" అన్నది. మీ బాపు డ్యూటీకి పోతున్నడు. గది చూసి, ఏసుకున్న చెప్పులు మల్ల ఇడిసి, గడప మీద కూసున్నడు. చెల్లె పోయి ఒళ్లె కూసున్నది.

ఇట్లు,
మీ ముగ్గురి అమ్మ,
మొగులమ్మ

పొద్దుగాల ఉత్త చాయ్ తాగి క్లాసుకు పోతున్నవట. గట్ల చెయ్యకు బిడ్డా, కడుపునిండ తిను.