నాన్న కండువా, కొల్లేటి పక్షులు

గురువారం రాత్రి

పొద్దున్న ప్రార్థన ముగించి కాఫీ తెచ్చేసరికి, చెల్లెలి కూతురు సుజన లాప్‌టాప్‌లో నాన్న ఫొటో పెట్టుకుని కూర్చుంది. నాన్న జ్ఞాపకార్థ కూటానికి ఫ్లెక్సీ తయారుచేస్తోంది. బొమ్మ చెదిరిపోయే ఎఫెక్ట్ కొత్తగా నేర్చుకుంటోందట. బ్రష్ కదిపినచోటల్లా నాన్న భుజం, దాని మీది కండువా ముక్కలై, ఆ ముక్కలు కొల్లేటి పక్షులై లేచిపోతున్నాయి. కలలో ఉన్నట్టు చూస్తూ నిలబడిపోయాను.

"తాతయ్యని మిల్లులో పిండి పట్టించేశావేంటే!" అన్నాడు తమ్ముడు. "చర్చి గుమ్మంలో ఇది కడితే నలుగురూ ఏమనుకుంటారు?"

"ఇంకా ప్రాక్టీసే మావయ్యా," అంది సుజన.

బ్రష్ చెంపదాకా వెళ్ళింది. అమ్మ మా ముఖాలు ఒక్కొక్కటే మరిచిపోతోంది. నాన్న ముఖం కూడా ఆమెకు ఇలాగే చెదిరిపోతోందా ప్రభువా, అనుకున్నాను.

ఇంతలో అమ్మే వచ్చి తెరకేసి చూసింది.

"ఏవండీ, కండువా ఎగిరిపోతోందండీ, పట్టుకోండి," అంది.

సుజన బ్రష్ ఆపేసింది.

సాయంత్రం అందరం కూర్చుని అనుకున్నాం. నాన్న ముఖం, చేతులు ముట్టుకోకూడదు. కండువా ఒక్కటే పక్షులవుతుంది. మొదటి కాపీ అమ్మ మంచానికి ఎదురుగా పెట్టాలి. ఆ చివరి మాట అన్నది తమ్ముడే.