రెండు అంకెలు, ఒక నోరు

మార్చి 2, ఆదివారం. కాఫీ అయ్యాక

ఈ రోజు నుంచి పదహారో తేదీ దాకా నోరు విప్పను. తినడానికి తప్ప.

కారణం: మా ఇంట్లో ఇద్దరు ఒకే గ్రహాన్ని తూస్తున్నారు. ఒకరు నా మనవరాలు. పేరుకు తగ్గట్టు ఎప్పుడూ ప్రవర్తించలేదు కనుక పిడుగు అంటాను. రెండోవాడు దాని మొగుడు. మర్యాద ఎక్కువ కాబట్టి పెద్దమనిషి. ఇద్దరిదీ ఒకే పరిశోధనాలయం. ఇంటికొస్తే ఒకే సోఫా.

ఆ గ్రహం ఎవరికీ కనబడదు. ఎక్కడో దూరపు నక్షత్రం చుట్టూ తిరుగుతుంది. నక్షత్రం ముందునుంచి దాటినప్పుడల్లా వెలుగు పిసరంత తగ్గుతుందట. అది చూసి లావు కొలిచేశారు. అడ్డంగా మన భూమికి రెండింతలు. ఇక బరువు తేలాలి. గ్రహం తిరుగుతూ నక్షత్రాన్ని అటూ ఇటూ లాగుతుంది. అంత పెద్ద నక్షత్రమూ మనిషి నడక వేగంతో ఊగుతుంది. ఎంత ఊగితే అంత బరువు. బరువు తేలితే అది రాయో నీళ్ళో తెలుస్తుంది.

వాళ్ళ పై అధికారిణి ఒక నియమం పెట్టింది. ఇద్దరూ వేరువేరుగా లెక్క కట్టాలి. జవాబులు కవర్లలో పెట్టి పదహారున విప్పాలి. ఈలోగా ఒకరి అంకె గాలి ఇంకొకరికి సోకితే, సోకినవాళ్ళని లెక్కలోంచి తప్పిస్తారు. ఎందుకంటే జవాబు తెలిశాక మనసు లెక్కని అటే ఈడ్చుకుపోతుంది. నాకు కొత్తా? ఇన్నేళ్ళు రసాయనశాస్త్రం చెప్పినదాన్ని. పక్కవాడి రికార్డు చూసినవాడి ప్రయోగం ఎప్పుడూ అద్భుతంగా కుదిరేది.

పిడుగుకి ఇది రెండేళ్ళ కష్టం. నా వల్ల పాడు కాకూడదు. అవదు!

మార్చి 4, మంగళవారం

బట్టలు ఆరేస్తుంటే పిడుగు వెనకే వచ్చింది.

"అమ్మమ్మా, ఎవరికో ఒకరికి చెప్పకపోతే కడుపు ఉబ్బి చచ్చిపోతాను."

"గోడకి చెప్పుకో."

"గోడ 'ఆఁ?' అనదుగా."

"ఆఁ?" అన్నాను.

"ఐదు! భూమికి ఐదింతల బరువే. అంత లావుండి ఇంతే తూగిందంటే చాలావరకు నీళ్ళే! పెద్ద టెలిస్కోపు అడిగి దాని గాలిలో ఏముందో చూడొచ్చు. వాడితో మాత్రం..."

"నేనా? ఛ!"

అంకె ఇక్కడ రాశాను. డైరీకి నోరు లేదు. ఈ ఇంట్లో ఆ సుగుణం దీనికొక్కదానికే ఉంది.

మార్చి 6, గురువారం

ఎంత తేలిక! నోరు మూసుకోవడం ఇంత సుఖమని ముందే తెలిస్తే పెళ్ళైన కొత్తలోనే మొదలుపెట్టేదాన్ని.

అదే రోజు, సాయంత్రం

సుఖం పోయింది. పెద్దమనిషి ఇస్త్రీ చేస్తూ గొంతు సవరించుకున్నాడు.

"అమ్మమ్మగారూ, మీరు ఏమీ అనుకోకపోతే ఒక్క మాట."

"అనుకుంటాను. చెప్పు."

"నాకు పన్నెండు వచ్చిందండీ. అంటే రాయి, ఇనుము. నీటిచుక్క ఉండదు. తనకీ ఇంచుమించు ఇదే వచ్చుంటుంది కదండీ?"

"ఆ దిండు గలీబు ఇలా ఇయ్యి నాయనా, నేను మడత పెడతాను" అన్నాను. దిండు గలీబుకి ఇంత రుణపడతాననుకోలేదు.

ఐదు. పన్నెండు. ఒకరిది సముద్రం, ఒకరిది సమ్మెట. రెండూ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

మార్చి 7, శుక్రవారం

భోజనాల దగ్గర అనకూడని మాటలు: బరువు, తేలిక, రాయి, ఇనుము, నీళ్ళు.

దాహం వేస్తే గ్లాసు చూపించాను.

"గొంతు నొప్పా అమ్మమ్మగారూ?" అన్నాడు పెద్దమనిషి. తల ఊపాను. వేడినీళ్ళు, ఉప్పు తెచ్చి ఎదురుగా నిలబడ్డాడు. పుక్కిలించక తప్పలేదు.

మార్చి 9, ఆదివారం

నక్షత్రం మీద కూడా మచ్చలుంటాయట. అది తన చుట్టూ తాను తిరుగుతుంటే, ఆ మచ్చలే గ్రహం లాగినట్టు దొంగ ఊపు చూపిస్తాయట. ఆ దొంగ ఊపుని తీసెయ్యాలి. అందులో ఎవరో ఒకరు పొరబడ్డారు. పిడుగు అయితే? రెండేళ్ళు...

"మచ్చలు సరిగ్గా తీశావటే?" అని అడిగాను.

ప్రశ్న అడగడం వేరు. చెప్పడం వేరు. నియమం చెక్కుచెదరలేదు.

మార్చి 10, సోమవారం

పిడుగు తడి తువ్వాలు మంచం మీద పారేసి పోయింది. ఏమీ అనలేదు. తీసి ఆరేశాను. పాపం, పిల్ల.

కిటికీ పక్క కుర్చీ కూడా దానికే ఇచ్చాను. తల దువ్వనా అని అడిగాను. దానికి ముప్పై ఒక్క ఏళ్ళు.

పెద్దమనిషి మాసిన బట్టల సంచీ ఎత్తబోయి మూలిగాడు. "కొన్ని అంతే నాయనా, చూడ్డానికి తేలిగ్గా ఉంటాయి. ఎత్తితే తెలుస్తుంది" అన్నాను.

బట్టల గురించే.

పిడుగు చదువుతున్న పేజీ చాలాసేపు తిప్పలేదు.

మార్చి 11, మంగళవారం

అయిపోయింది.

వంటింట్లో నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నువ్వు నన్ను తిట్టి ఎన్నాళ్ళయింది?"

"తిట్టనందుకు కూడా సంజాయిషీనా?"

"పదో తరగతి లెక్కల్లో తప్పినప్పుడు నాకంటే ముందు నీకే తెలిసింది. ఆ రోజూ తల దువ్వుతానన్నావు."

నేను గిన్నె తోముతున్నాను. తోమిన గిన్నే.

"గ్రహం కనబడకపోయినా నక్షత్రం వణుకు చూసి బరువు చెప్తాం అమ్మమ్మా. అది మా వృత్తి. నువ్వు ఆదివారం నుంచి వణుకుతున్నావు. వాడు కూడా నీకే చెప్పాడు. నాదీ వాడిదీ కలవలేదు. వాడిదే బరువు. అవునా?"

"నేనొక్క మాట అనలేదు!"

"అదేగా నేను చెప్పేది. నువ్వు! ఒక్క మాట అనకుండా!"

నవ్వింది. నవ్వు సగంలో ఆగిపోయింది. ఇక ఆ లెక్క ముట్టుకుంటే తనకు తెలియకుండానే బరువు వైపు తోస్తుంది. అది దానికీ తెలుసు, నాకూ తెలుసు.

మార్చి 12, బుధవారం

పై అధికారిణికి ఉత్తరం రాయడానికి కూర్చుంది. పక్కన చేరాను.

"ముసలిది వాగిందని రాయి. నా వయసుకి చెల్లుతుంది."

"నువ్వు వాగలేదుగా. నేనే నీ వాలకం చదివాను. అదే రాశాను."

"ఎవరు చూడొచ్చారే? ఇంకో నాలుగు రోజులు నోరు మూసుకుంటే పోయేది."

అనకుండా ఉండాల్సిన మాట. దానికి నేను నేర్పిన చదువు ఇది కాదు. అది తల ఎత్తి చూసింది. పంపేసింది. వెళ్ళి మొగుడితో "నువ్వు నన్నేమీ అడక్కు, నీ లెక్క నువ్వు చేసుకో" అని చెప్పి ముసుగు తన్ని పడుకుంది.

పెద్దమనిషి నా దగ్గరికొచ్చి, "నేనేమైనా తప్పుగా మాట్లాడానాండీ?" అన్నాడు.

ఇతన్ని ఎవరైనా ఒక్కసారి గట్టిగా తిట్టి ఉంటే బాగుపడేవాడు.

మార్చి 16, ఆదివారం

కవర్లు విప్పారు. పిడుగు తన పద్ధతంతా ముందే రాసి ఇచ్చింది కనుక, దాని ప్రకారం ఇంకెవరో చివరి లెక్క నడిపారు. ఐదుకి పిసరు ఎక్కువ. పెద్దమనిషిది పన్నెండు. రెంటిలో దేన్నీ ఒప్పుకోవడానికి లేదు, కాదనడానికీ లేదు. మూడు నెలలు కొత్తగా వెలుగు పోగుచేసి మళ్ళీ వేరువేరుగా లెక్క కట్టాలి.

ఆ ఐదు పక్కన పిడుగు పేరు ఉండదు. రెండేళ్ళ కష్టం, ఇంకెవరి చేతిమీదుగానో. అందుకు ఒప్పుకుని సంతకం చేసి వచ్చింది. రెండో విడతలో మాత్రం ఉంటుంది. నిజం రాసింది కనుక ఉండనిచ్చారు. జవాబు ఉత్తరం చివర పై అధికారిణి నాకు కూడా ఒక వాక్యం రాసింది: "మీ ఇంట్లో మూడో పరికరం చాలా సున్నితమైనదని విన్నాం. దానికి కూడా సీలు వెయ్యగలరు."

సమాధానం రాద్దామనుకున్నాను. మూడు చిత్తుప్రతులు చించేశాను. మూడూ బాగా వచ్చాయి.

సాయంత్రం పిడుగు తడి తువ్వాలు నా మంచం మీద పారేసింది. నా మంచం మీద! అలా నిలబడి చూస్తోంది.

"ఏమే, ఇది పడకా, దండెమా? కళ్ళు నక్షత్రాల్లో పెట్టుకుంటే కాళ్ళ కింద ఏముందో ఎవత్తె చూస్తుందే?"

"అమ్మయ్య" అంది. వచ్చి నా భుజం మీద తల పెట్టింది.

జూన్ 21, శనివారం

కొత్త వెలుగంతా చేరింది. నాలుగు రోజులుగా లెక్కలు నడుస్తున్నాయి. నెలాఖరుకి కవర్లు.

క్రితంసారి తప్పు మౌనంలో ఉంది. ఈసారి పద్ధతి వేరు: ఇద్దరినీ రోజూ తిడతాను. సమానంగా. కారణం ఉన్నా లేకపోయినా. రోజూ ఊగే నక్షత్రంలో ఏ ఊపు దేనిదో ఎవడు కనిపెడతాడు? పైగా ఎవరి అంకెనూ విననే వినను. ఇది ఖాయం.

జూన్ 22, ఆదివారం. కాఫీ అయ్యాక

పిడుగుని చెప్పుల గురించి తిట్టాను. పెద్దమనిషిని తిట్టడానికి ఏమీ దొరకలేదు. ఏమీ దొరకనివ్వనందుకు తిట్టాను. "క్షమించండి" అన్నాడు. ఇద్దరికీ చెరి సమానం. దివ్యంగా ఉంది!

పదింటికి

పెద్దమనిషి వంటింటి గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"వినను. అవతలికి ఫో" అన్నాను.

"అలాగేనండీ" అని వెనక్కి తిరిగాడు. మూడడుగులు వేశాడు. నాలుగోది కూడా వేసేలా ఉన్నాడు.

"ఏయ్ అబ్బాయ్," అన్నాను, "ఎంత?"